బాకీ పడిన రొట్టె

ఆదివారం మధ్యాహ్నం కారులో వెనక కూర్చున్న మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది. “అమ్మా, అమ్మమ్మ నరకానికి వెళ్తుందా?”

పదకొండేళ్ల పిల్ల. మేముండేది డాలస్ శివార్లలో. మత పాఠాలు చెప్పే ఆదివారం బడిలో ఆ రోజు పాఠం షిర్క్ గురించి, అంటే అల్లాకు సాటి కల్పించడం గురించి. దర్గాకు వెళ్లడం, సమాధి మీద చాదర్ కప్పడం, వలీల, అంటే అల్లాకు దగ్గరైన మహనీయుల, పేరు చెప్పి మొక్కుకోవడం అన్నీ ఆ పాపం కిందికే వస్తాయని పాఠం చెప్పినావిడ అన్నారట. నెల్లూరులో మా అమ్మ గురువారం గురువారం దర్గాకు వెళ్తుందని పిల్లకు తెలుసు. ఫోనులో చూసింది కూడా.

కారు పక్కకు ఆపి “వెళ్లదు” అన్నాను. అంతకు మించి ఆ క్షణంలో నోట మాట రాలేదు. ఐదు పూటల నమాజు, రంజాన్‌లో ఒక్క ఉపవాసం కూడా తప్పని మనిషి మా అమ్మ. ఆమె గురించి ఆమె మనవరాలు ఆ మాట అడగడం నా గుండెలో ఇప్పటికీ ముల్లులా ఉంది.

అంతకు కొన్ని నెలల ముందే మామూలు బడిలో కవితల పాఠం జరిగింది. ప్రేమ గురించి నాలుగు పంక్తులున్న కాగితం తెచ్చి, రంగులు వేసి గోడకు అంటించుకుంది. కింద రూమీ అని పేరు. పర్షియన్ కవి అని చెప్పారట. ముస్లిం అని ఎవరూ చెప్పలేదు. ఒక బడి అల్లా పేరు తీసేసి రూమీని ఇచ్చింది. ఇంకో బడి రూమీ ఊసు లేకుండా అల్లాను ఇచ్చింది. మధ్యలో మా అమ్మ ఎక్కడా లేదు. ఆ రెండు ముక్కలనూ కలిపి కుట్టాల్సింది నేనే అని ఆ రోజు కారులో అర్థమైంది.

మాది నూర్‌బాషా కుటుంబం. దూది ఏకిన వంశం. ఇంట్లో తెలుగే. నమాజు అరబ్బీలో; దువా, అంటే సొంత వేడుకోలు, తెలుగులో. సూఫీ అంటే ధ్యానంతో, ప్రేమతో అల్లాకు దగ్గరయ్యే దారిలో నడిచే ముస్లిం. ఆ మాటను నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ వాడలేదు. గురువు అయితే పీరు, శిష్యులైతే మురీదు. పీరు, వలీ, మురీదు, ఉరుసు, గంధం, ఇవే మా మాటలు. కాబట్టి పిల్లకు చెప్పడానికి ముందు నేనే కూర్చుని చదువుకోవలసి వచ్చింది.

గోడ మీది కాగితంతోనే మొదలుపెట్టాను. జలాలుద్దీన్ రూమీ 1207లో పుట్టాడు. ఇప్పటి టర్కీలోని కొన్యాలో మదరసా నడిపిన మత పండితుడు. ధర్మశాస్త్రం చెప్పేవాడు, మసీదులో ప్రసంగించేవాడు. 1244లో షమ్స్ తబ్రీజీ అనే సంచార సూఫీ కలిశాకే కవి అయ్యాడు. రూమీ రాసిన మస్నవీ కావ్యం పాతిక వేల ద్విపదలకు పైనే ఉంటుంది, అడుగడుగునా ఖురాన్ ప్రస్తావనలే. మొదట్లోనే ఒక పిల్లనగ్రోవి ఏడుస్తుంది. తనను రెల్లు దుబ్బు నుంచి కోసుకొచ్చిన రోజు నుంచీ ఆ ఏడుపు. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి, “నెల్లూరు విమానాశ్రయంలో నువ్వు ఏడ్చినట్టా?” అంది. నెల్లూరులో విమానాశ్రయం లేదు, నేను ఏడ్చింది చెన్నైలో. నేను సరిదిద్దలేదు.

తర్వాత జిబ్రీల్ దూత మనిషి రూపంలో వచ్చి ప్రవక్తను ప్రశ్నలడిగిన హదీసు చెప్పాను. హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం. అది ఆదివారం బడిలోనూ నేర్పుతారు. ఇస్లాం అంటే ఏమిటి, ఈమాన్ (విశ్వాసం) అంటే ఏమిటి అని అడిగాక మూడో ప్రశ్న ఇహ్సాన్ గురించి. అల్లాను కళ్లారా చూస్తున్నట్టే ఆరాధించు, నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు అన్నది జవాబు. సూఫీలు తమ దారి అంతా ఈ మూడో జవాబులోనే ఉందంటారు. అంటే ఇది బయటి నుంచి వచ్చి చేరిన సంగతి కాదు. నమాజును వదిలేసే దారీ కాదు, నమాజులోకి ఇంకా లోతుగా దిగే దారి. బాగ్దాద్‌లో పేరుమోసిన ఆచార్యుడు గజాలీ 1095లో పదవి వదిలేసి వెళ్లిపోయింది దీనికోసమే. ఆరోగ్యానికి నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరని ఆయన రాశాడు.

పిల్లకు బాగా నచ్చింది మాత్రం ఇరాక్‌లోని బస్రా ఊరి సూఫీ రాబియా కథ. ఎనిమిదో శతాబ్దంలో బానిసగా బతికి విడుదలైన స్త్రీ. ఒక చేత నిప్పు, ఒక చేత నీళ్లు పట్టుకుని వీధిలో పరిగెత్తిందని చెబుతారు. స్వర్గాన్ని కాల్చేస్తానని, నరకాన్ని ఆర్పేస్తానని, అప్పుడైనా జనం ఆశతోనో భయంతోనో కాకుండా ప్రేమతో అల్లాను తలుస్తారని అందట. నరకం గురించి అడిగిన పిల్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఆదివారం బడి మాన్పించలేదు. దర్గాల దగ్గర జరిగేవన్నీ సరైనవేనని నేనూ అనను. ఈ వాదం ఇస్లాం లోపల వందల ఏళ్లుగా ఉన్నదే. సమాధుల దగ్గరి ఆచారాలను తీవ్రంగా ఖండించిన మత పండితుడు ఇబ్న్ తైమియా కూడా బాగ్దాద్ సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీ గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. ఆ జీలానీ బిరుదే దస్తగీర్, చేయి పట్టుకునేవాడు అని అర్థం. 1166లో బాగ్దాద్‌లో మరణించిన మనిషి బిరుదు మన రాయలసీమలో దస్తగిరి అయి హిందువుల ఇళ్లలోనూ పిల్లల పేరైంది. ఇంత దూరం నడిచి వచ్చిన దాన్ని ఒక్క మాటతో పాపం అని కొట్టిపారేయడం మీదే నా అభ్యంతరం.

2024 జూలైలో నెల్లూరు వెళ్లాం. మొదటి రోజే తెల్లవారుజామున నిద్ర పట్టక లేచిన పిల్ల అమ్మ గదిలోకి వెళ్లింది. తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు అయ్యాక అమ్మ జానిమాజ్ అనే నమాజు చాప మీదే కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ జిక్ర్, అంటే అల్లా నామస్మరణ, చేస్తుంది. పెదవులు కదలవు. లా ఇలాహ (దేవుడు లేడు) అన్నప్పుడు ఊపిరి బయటికి, ఇల్లల్లాహ్ (అల్లా తప్ప) అన్నప్పుడు లోపలికి. పాతికేళ్ల వయసులో పీరు దగ్గర మురీదు అయినప్పుడు నేర్చుకున్నది. అమ్మ పిల్ల చేతిని తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పూసలు ఒక్కొక్కటీ బొటనవేలి కింద నుంచి జారుతున్నాయి, పిల్ల అరచెయ్యి అమ్మ ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది.

చివరికి పిల్లే అడిగేసింది. “అమ్మమ్మా, నువ్వు సమాధికి మొక్కుతావా?”

“లేదు తల్లీ. ఆ వలీ ఎవరిని అడిగాడో నేనూ ఆయన్నే అడుగుతాను. ఆ వలీ పక్కన కూర్చుని అడుగుతాను, అంతే.”

మొహర్రం నెల కావడంతో బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ నడుస్తోంది. అక్కడున్నవి పన్నెండు మంది అమరుల సమాధులు. వాళ్లు సూఫీ గురువులు కారు, యుద్ధంలో ప్రాణాలిచ్చినవారని చెబుతారు. పక్కనే స్వర్ణాల చెరువు. ఒక కోరిక కోరుకుని, అదే కోరిక తీరినవారి దగ్గర రొట్టె తీసుకుని తినాలి. అది తీరాక రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. మతం అడిగేవారు లేరు.

అమెరికా రాకముందు నేను విదేశీ రొట్టె తీసుకున్నాను. పదిహేనేళ్లుగా బాకీ.

అమ్మ రాత్రే గోధుమ రొట్టెలు కాల్చి పాత నూలు గుడ్డలో చుట్టింది. బయలుదేరే ముందు పిల్ల ఖచ్చితంగా చెప్పింది, “నేను దువా అల్లాకే చేస్తాను” అని. “మరి నేను చేసేదెవరికి?” అంది అమ్మ.

మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాం. కాళ్ల కింద బురద. చుట్టూ జనం ఏ రొట్టె ఉందో అరుస్తున్నారు. గొంతు పెగలక నేను ఊరికే నిలబడితే, పిల్లే తన అమెరికా తెలుగులో గట్టిగా పిలిచింది. “విదేశీ రొట్టె! విదేశీ రొట్టె!” ఇరవై రెండేళ్లుంటాయేమో, నుదుట కుంకుమ పెట్టుకున్న ఒక అమ్మాయి కొంగు పట్టి వచ్చింది. పిల్ల రెండు చేతులతో రొట్టె ఆమె కొంగులో వేసింది.

“ఏ దేశం వెళ్లారు పాపా?” అని అడిగింది ఆ అమ్మాయి.

“మా అమ్మ వెళ్లింది” అంది మా పిల్ల. “నేను వచ్చాను.”