ఎవరూ చూడటానికి రాని పిల్లలు

చిత్తూరు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో విదేశీ అతిథులు రావడం ఒకప్పుడు ఏటా జరిగే వ్యవహారమే. అమెరికా నుంచో, ఆస్ట్రేలియా నుంచో, జర్మనీ నుంచో ఒక చర్చి వాళ్ళు బృందంగా బయలుదేరి, చెన్నైలో దిగి, రాణిపేట మీదుగా కార్లలో మా వైపు వచ్చేవారు. తాము నెలనెలా డబ్బు పంపి చదివిస్తున్న పిల్లలను కళ్ళారా చూసుకోవడం ఆ ప్రయాణపు ఉద్దేశం. నేను ఇంగ్లీషు టీచరును కావడంతో వాళ్ళ మాట పిల్లలకూ పిల్లల మాట వాళ్ళకూ చెప్పే పని నాకు అప్పగించేవారు. అలా వాళ్ళ వెంట తిరిగిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఇటువంటి సందర్శనను ఏర్పాటు చేసేవారు అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఆ రోజు స్పాన్సర్ రాని పిల్లల గురించి.

ఒక పిల్లవాడి ఫోటోను, వివరాలను దూరదేశంలోని ఒక కుటుంబానికి పంపి, ఆ కుటుంబం చేత చదివించే పద్ధతి కొరియా యుద్ధకాలంలో బాగా వ్యాపించింది. 1952లో అక్కడి అనాథల దుస్థితి చూసి చలించిన అమెరికా సువార్తికుడు ఎవరెట్ స్వాన్సన్ మొదలుపెట్టిన పనే తరువాత కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అయింది. 1959లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో ఏర్పడిన కిండర్‌నోట్‌హిల్ఫే అనే సంస్థ అయితే మొదలైందే మన దేశపు పిల్లల కోసం. మా ప్రాంతానికి మిషనరీలు అంతకు ఎంతో ముందే, 1853లో ఏర్పడిన ఆర్కాట్ మిషన్ కాలం నుంచీ తెలుసు కాబట్టి, ఇక్కడి పాత తరం క్రైస్తవుల్లో ‘బోర్డింగులో (మిషన్ హాస్టల్లో ఉండి) చదివాను’ అని చెప్పుకునేవారు లేని కుటుంబం అరుదు. బోర్డింగుల తరువాత వచ్చినవి ప్రాజెక్టులు. వీటిలో పిల్లలు తమ ఇళ్ళలోనే ఉంటూ బడికి వెళతారు, శనివారాల్లో చర్చి ఆవరణలోని ప్రాజెక్టుకు వచ్చి భోజనం చేస్తారు, ట్యూషను చెప్పించుకుంటారు, ఎత్తూ బరువూ చూపించుకుంటారు, స్పాన్సర్లకు ఉత్తరాలు రాస్తారు.

సందర్శనకు నియమాలు చాలానే ఉండేవి, అవి ఉండవలసినవే. అతిథి నేరచరిత్రను ముందుగా విచారించాలి. పిల్లల రక్షణ పత్రం మీద సంతకం తీసుకోవాలి. పిల్లవాణ్ణి ఒంటరిగా కారులో ఎక్కించుకోకూడదు, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, ఊరి పేరుతో ఫోటోలు బయట పెట్టకూడదు. టూరిస్టు వీసా మీద వచ్చినవారు మతప్రచారం చేయడానికి మన చట్టం ఒప్పుకోదు కాబట్టి, సంఘంలో వందనాలు చెప్పి కూర్చోవడం వరకే వాళ్ళ పని. ప్రాజెక్టుకు పిల్లలను పంపే తల్లుల్లో చాలామంది హిందువులు. పలకా బలపం ఇచ్చిన చేత్తోనే మతం మార్చుకోమన్నట్టు కనిపించే పని ఏదీ అతిథి చేయకూడదని నేను చట్టం లేకపోయినా అనేదాన్ని.

ఈ నియమాలన్నీ అతిథిని కలిసే పిల్లవాడిని దృష్టిలో పెట్టుకొని రాసినవే. వరుసల్లో కూర్చున్న మిగతావారి ప్రస్తావన వాటిలో లేదు. ఒక ప్రాజెక్టులో రెండు వందల మంది పిల్లలుంటే, వచ్చిన బృందానికి సంబంధించినవారు నలుగురో ఐదుగురో ఉంటారు. మిగిలినవాళ్ళంతా వారం ముందునుంచే స్వాగతగీతం నేర్చుకుంటారు, ఆవరణ ఊడ్చి ముగ్గులు వేస్తారు, బంతిపూల దండలు గుచ్చుతారు. తీరా ఆ రోజున దండలు వేయించుకున్న దొరలూ దొరసానులూ ఆ నలుగురి పేర్లే పిలిచి, దగ్గరకు తీసుకొని, సంచుల్లోంచి రంగు పెన్సిళ్ళూ బొమ్మలూ తీసి వాళ్ళకే ఇస్తారు. తక్కిన పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టమని వాళ్ళకు ముందే చెప్పి ఉంటాం. ‘మా స్పాన్సరు ఎప్పుడొస్తారు మేడమ్?’ అని ఆ సాయంత్రం అడిగే పిల్లకు జవాబు చెప్పవలసింది, మర్నాడు కూడా అక్కడే ఉండే టీచర్లు. ఆ పిల్ల స్పాన్సరు డబ్బు కట్టడం మానేసి ఉండవచ్చు, ఆమెను మరొకరికి మార్చి ఉండవచ్చు, లేదా క్రమం తప్పకుండా డబ్బు పంపుతూ ఒక్క ఉత్తరమైనా రాయని మనిషి కావచ్చు. ఇందులో ఏ సంగతీ పిల్లకు విడమరచి చెప్పగలిగేది కాదు.

కొన్ని బృందాలు ఈ సంగతిని చక్కగా పట్టించుకున్నాయి. స్పాన్సర్లు తమ పిల్లలను ఇంటి దగ్గరో, విడిగా ఒక గదిలోనో కలిసేవారు. ఆవరణలో ఉన్నంతసేపూ అందరితో కలిసి ఆడేవారు, అందరితో పాటు నేలమీద వరుసలో కూర్చొని తినేవారు. కానుకలు కూడా బంతులు, క్యారమ్ బోర్డుల రూపంలో ప్రాజెక్టుకే ఇచ్చేవారు. (ఆస్ట్రేలియా వాళ్ళు వస్తే ఇంకొక సౌకర్యం, వాళ్ళకు క్రికెట్ నేర్పనక్కర్లేదు.) ఒక బృందం ప్రయాణానికి ముందే ప్రాజెక్టు ఆఫీసును అడిగి, ఏడాదిగా ఉత్తరం అందని పిల్లల పేర్లు తెప్పించుకొని, ఒక్కొక్కరికి పేరుపేరునా చేత్తో రాసిన కార్డు తెచ్చింది. ఆ కార్డులు తీసుకున్నప్పుడు చప్పట్లు కొట్టమని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కొట్టనూ లేదు, ఎందుకంటే పిల్లలంతా తమ కార్డులు చదువుకోవడంలో మునిగిపోయారు.

ఇంటికి వెళ్ళి చూడటం ప్రయాణం మొత్తంలోనూ విలువైన భాగమని నా నమ్మకం. ఒక్క గది ఇల్లు, పక్కింటి నుంచి తెచ్చి వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, వాకిట్లో జెర్సీ ఆవు. స్పాన్సరు పంపిన కుటుంబ కానుకతో కొన్న ఆవు అయితే, మనుషులకంటే ముందు దాన్నే చూపించేవారు. వచ్చినవారు ఏమీ తినకుండా వెళితే ఆ తల్లికి మనసొప్పదు. కడుపులో ఏమవుతుందోనని వచ్చినవారికి భయం. ‘అన్నం పెడితే తినరంట కదా మేడమ్, టెంకాయ కొట్టిచ్చేదా?’ అని ఒక తల్లి నన్ను అడిగిన తరువాత, మేము ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టించాం. టెంకాయ నీళ్ళకు అతిథి భయపడడు, పెట్టలేదన్న వెలితి తల్లికీ ఉండదు. అతిథులు తరచుగా అడిగే ప్రశ్న ‘మీకు రోజుకు ఎంత కూలి వస్తుంది’ అనేది. అది నాకు నచ్చేది కాదు. తల్లులు మాత్రం ‘వాళ్ళకెంతమంది పిల్లోళ్ళు, అమ్మానాయనా వాళ్ళ కాడే ఉండారా’ అని అడిగేవారు. తమ స్పాన్సరు ఏ పెద్ద జమీందారిణో అనుకున్న ఇంట్లో, ఆమె స్కూలు బస్సు నడుపుతుందనీ, విమానం టికెట్టు కోసం చాలాకాలం డబ్బు కూడబెట్టిందనీ నేను చెప్పినప్పుడు ఆ తల్లి కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చుంది. మాటలు అసలు మొదలైంది అక్కడే.

ఆ టికెట్ల డబ్బు నేరుగా పిల్లలకే పంపవచ్చు కదా అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. అయితే పిల్లవాడు బడిలో నిలబడటం డబ్బు ఒక్కదానితోనే జరిగే పని కాదు. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త బ్రూస్ వైడిక్, ఆయన సహచరులు ఇద్దరు కలిసి మన దేశంతో సహా ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కంపాషన్ సహాయంతో పెరిగినవారు 1.03 నుంచి 1.46 ఏళ్ళ వరకు అదనంగా చదువుకున్నట్టు తేలింది. తమ భవిష్యత్తు మీద పిల్లలు పెట్టుకునే ఆశకు కూడా ఇందులో భాగం ఉందని వైడిక్ ఆ తరువాత చేసిన పరిశోధనలు చెప్పాయి. ఆ ఆశను ఏళ్ళ తరబడి నిలబెట్టేది ఉత్తరమేనని నేను అనుకుంటాను. సందర్శన ఒక్క పూటలో ముగుస్తుంది, అదీ కొందరికే దక్కుతుంది. డబ్బు లోటును ప్రభుత్వం కొంత పూడ్చింది కూడా. తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయల చొప్పున వేస్తామంటూ అమ్మఒడి పథకాన్ని 2020 జనవరి 9న ప్రారంభించింది మా చిత్తూరులోనే.

విదేశీ బృందాల రాక ఇప్పుడు బాగా తగ్గిపోయింది. విదేశీ విరాళాల మీద ఆంక్షల కారణంగా 2017 మార్చిలో కంపాషన్ మన దేశంలో తన కార్యక్రమాలను మూసివేసింది. అప్పటికి అది చూసుకుంటున్న పిల్లలు సుమారు 1,45,000 మంది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, విదేశీ నిధులు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖ ద్వారా రావాలనీ, నమోదైన సంస్థ తనకు వచ్చిన డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదనీ నిర్ణయించారు. పెద్ద సంస్థ నుంచి కొద్దికొద్దిగా అందే డబ్బుతో నడిచే చిన్న చర్చిలకు ఆ దారి మూసుకుపోయింది. అతిథి అభిమానంతో పాస్టరుగారి చేతిలో పెట్టే కవరు కూడా, నమోదు లేని సంఘం తీసుకుంటే, చట్టవిరుద్ధమే అవుతుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా వస్తే ఈ విషయం చెన్నైలో కారు ఎక్కకముందే చెప్పిస్తున్నాం.

విదేశీయుల స్థానంలోకి మనవాళ్ళు వస్తున్నారు. ఆ ప్రాజెక్టుల్లోనే చదువుకొని బెంగళూరులోనూ తిరుపతిలోనూ ఉద్యోగాలు చేస్తున్నవారు, తలా ఒక పిల్లవాడి ఫీజు కడుతున్నారు. ఆదివారం ఆరాధన తరువాత కొందరు తమ బిడ్డ పుట్టినరోజు కేకు తెచ్చి పిల్లల మధ్య కోయిస్తారు, పిల్లలు మళ్ళీ చప్పట్లు కొడతారు. ఫోను చేసి అనుమతి అడిగినవారికి నేను ఒకటే చెబుతున్నాను. కేకు తప్పకుండా తీసుకురండి, కానీ దాని మీద మీ బిడ్డ పేరుతో పాటు ఆ నెలలో పుట్టిన మా పిల్లల పేర్లన్నీ రాయించండి, జాబితా నేను పంపుతాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఎక్కువమంది మాత్రం ఇంకొంచెం పెద్ద కేకు ఆర్డరిస్తారు.