పాప చేతి మీద గట్టి గడ్డ: సూది పరీక్ష నుంచి బయాప్సీ దాకా నా అనుభవం

మా పాపకి పదకొండేళ్లు. కుడి జబ్బ మీద చర్మం కింద సెంటీమీటరు గడ్డ ఒకటి నెలల తరబడి ఉండిపోయింది. నొప్పి లేదు. కొవ్వు గడ్డ అయితే వేలికి మెత్తగా తగులుతుంది కదా, ఇది గులకరాయిలా గట్టిగా ఉండేది. పైన చర్మం కాస్త నీలంగా కనిపించేది. మా అత్తగారు బెల్లం సున్నం పట్టు వేద్దామన్నారు.

ఒక ల్యాబ్‌లో సూది పరీక్ష చేయించాం, అంటే సన్న సూదితో గడ్డలోంచి కాసిని కణాలు తీసి చూడటం. "చిన్న ముదురు రంగు కణాలు గుంపులుగా ఉన్నాయి, క్యాన్సర్ కాదని చెప్పలేం" అని రిపోర్టు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

చర్మం డాక్టరు గారు మాత్రం రిపోర్టు పక్కన పెట్టి, గడ్డ చుట్టూ చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీశారు. గడ్డ మీద కోణాలు కోణాలుగా అంచులు తేలాయి. "పైలోమాట్రికోమా అనుకుంటున్నానమ్మా. వెంట్రుక కుదురులో పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు. కానీ మొత్తం తీసి పరీక్షకి పంపితేగానీ ఖాయంగా చెప్పలేను" అన్నారు. చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి తీసేశారు. పాప కంటే నేనే ఎక్కువ టెన్షన్ పడ్డాను.

గడ్డని ఫార్మలిన్ సీసాలో వేసి పంపారు. రిపోర్టు ఆలస్యమైంది. లోపల కాల్షియం పేరుకుపోయిందట. యాసిడ్‌లో నానబెట్టి మెత్తబరిస్తేగానీ బ్లేడుకి తెగదట. అత్తగారు పట్టు వేద్దామన్న సున్నం గడ్డలోనే ఉందన్నమాట!

పాథాలజిస్టు మేడమ్ నన్ను మైక్రోస్కోపులో చూడనిచ్చారు. అంచున ఊదారంగు కణాలు కిక్కిరిసి ఉన్నాయి. మధ్యలో లేత గులాబీ కణాలు, కేంద్రకం ఉండాల్సిన చోట ఖాళీ. అవే ఘోస్ట్ సెల్స్. ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తే రోగం తేలినట్టే. సూదికి ఊదారంగువే దొరికాయి, అనుమానం అందుకే వచ్చింది. 1880లో దీన్ని మొదట వర్ణించినవాళ్లు కూడా నూనె గ్రంథి గడ్డ అనుకున్నారట. వెంట్రుక కుదురుదని 1961లోగానీ తేల్చలేదట.

పిల్లల్లో ఇలాంటి గట్టి గడ్డకి సూది పరీక్ష ఒక్కటే చూసి బెంగపడకండి. గడ్డ మొత్తం పరీక్ష అయ్యేదాకా ఆగండి. రిపోర్టులో అంచుల గురించి, అంటే కోసి తీసిన ముక్క అంచుల దాకా గడ్డ కణాలు ఉన్నాయా లేదా అని, ఏం రాశారో అడగండి. పూర్తిగా తీసేస్తే మళ్లీ రావడం అరుదు. మాకు అంచులు శుభ్రంగా ఉన్నాయని వచ్చింది. ఇలాంటివి ఒకటికి మించి లేస్తే మాత్రం మళ్లీ రమ్మన్నారు. మయోటోనిక్ డిస్ట్రోఫీ అనే కండరాల జబ్బులో అలా రావచ్చట.