గేమ్ మధ్యలో ఆరిపోయే పీసీ: కారణం పట్టుకున్న వరుస

మెషీన్ ఇది: రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, రెండు కిట్లుగా కొన్న నాలుగు ర్యామ్ స్టిక్కులు, 550 వాట్ల పాత ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పెట్టె). బ్రౌజర్, సినిమాలు, ఆఫీసు పని ఎంతసేపైనా నడుస్తాయి. బరువైన గేమ్ పెడితే మాత్రం కరెంటు పోయినట్టు ఠక్కున ఆరి, దానంతట అదే మళ్లీ లేస్తుంది. ఇలాంటి పీసీని బాగుచేయించడానికి తీసుకెళ్తే ముందు వినపడే మాట ‘ఫార్మాట్ కొడదాం’. ఈ లక్షణానికి నా లెక్కలో విండోస్ చివరి అనుమానం.

పీసీ ఎలా ఆగిపోతోందో చూస్తేనే సగం దారి దొరుకుతుంది. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ వస్తే ర్యామ్ మీదో డ్రైవర్ మీదో అనుమానపడతాను. స్క్రీన్ నల్లబడి, శబ్దం ఇంకా వస్తూ, కార్డు ఫ్యాన్లు హోరెత్తితే చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు, దాని పవర్ కేబుల్. ముందు ఫ్రేములు పడిపోయి, కాసేపటికి ఆరితే వేడి. ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ఆరితే ఎస్‌ఎంపీఎస్ లేదా ఇంటి కరెంటు. మన మెషీన్‌ది ఈ చివరి రకం. అయినా మిగతావి కొట్టేయకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదు.

పీసీలో జరిగినవాటిని విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిస్తే ‘కెర్నెల్-పవర్ 41’ అనే నమోదు కనిపించింది. చాలామంది దీన్నే జబ్బు పేరనుకుని నెట్టంతా గాలిస్తారు. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప అది ఇంకేమీ చెప్పదు. పనికొచ్చేది డీటెయిల్స్ ట్యాబ్‌లోని బగ్‌చెక్ కోడ్, అంటే విండోస్ కుప్పకూలి బ్లూ స్క్రీన్ చూపినప్పుడు పడే లోపం సంఖ్య. అక్కడ 0 ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు చేసే వ్యవధి కూడా విండోస్‌కు దక్కలేదన్నమాట. ఇక్కడ ఉన్నది 0. ప్రాసెసర్ వైపు వేలు చూపించే ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ 18’ ఎక్కడా లేదు. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్’ టిక్కు తీసేశాను. బ్లూ స్క్రీన్ వస్తుంటే ఇప్పుడు తెరమీద నిలిచిపోవాలి. అలా జరగలేదు, మళ్లీ అదే తీరులో ఆరింది.

తర్వాత వేడి. వేడిని కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ పెట్టి గేమ్ ఆడి, ఆరిపోయాక ఆ ఫైల్లో చివరి వరసలు చూశాను. కార్డు 76 డిగ్రీలు, ప్రాసెసర్ 74. ఈ ప్రాసెసర్ హద్దు 90, ఈ కార్డు హద్దు 93. పైగా హద్దు దగ్గరికొస్తే రెండూ ముందు వేగం తగ్గించుకుంటాయి, ఒకేసారి పడిపోవు. కాబట్టి వేడి కాదు. మన ఎండాకాలంలో గది వేడే 38, 40 ఉంటుంది కాబట్టి ఇంకో పరీక్ష కూడా మంచిది: కేబినెట్ పక్క తలుపు తీసి ఆడి చూడండి. 10 డిగ్రీలు పైగా తగ్గిందంటే గాలి ఆడటం లేదని లెక్క. దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఇక ఇంటి కరెంటు. ఇన్వర్టర్ లైను, ఎక్స్‌టెన్షన్ బాక్సు తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టాను. తేడా లేదు. మీ పీసీ కరెంటు పోయి వచ్చిన క్షణంలోనే ఆరుతుంటే మాత్రం ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లోకి మార్చి చూడండి. రెండో మోడ్‌లో మారడానికి ఎక్కువ మిల్లీసెకన్లు పడుతుంది, అంతసేపు ఎస్‌ఎంపీఎస్ నిలదొక్కుకోలేదు. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ కూడా చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. కొన్ని చవక మోడళ్లు 200–240కే చేసినవి, సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో అవి తట్టుకోవు.

అసలు విషయం తేల్చింది పైసా ఖర్చులేని పరీక్ష. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 100 నుంచి 70 శాతానికి దించాను. 220 వాట్ల కార్డు 154కు వచ్చింది. అదే గేమ్, అవే సెట్టింగులు, ఇక ఆరలేదు. తిరిగి 100కు పెడితే ఆరింది. గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ పరీక్ష పెడితే మాత్రం పీసీ నిలబడింది. అలాగైతే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే కదా అంటారేమో. ఫర్‌మార్క్ భారం ఒకే మట్టంలో సాగుతుంది. గేమ్‌లో సీన్ మారినప్పుడల్లా కార్డు కొన్ని మిల్లీసెకన్లపాటు తన సగటు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది. రెండు సెకన్లకోసారి రాసే లాగ్‌లో ఆ ఎగుడు కనిపించదు, ఎస్‌ఎంపీఎస్ రక్షణ సర్క్యూట్‌కు మాత్రం తెలుస్తుంది.

కార్డు రెండు సాకెట్లకూ ఒకే కేబుల్ నుంచి చీలిన రెండు తలలు పెట్టి ఉన్నాయి. వాటిని వేర్వేరు కేబుళ్లకు మార్చాక ఆరడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. లెక్కకు కార్డు 220, ప్రాసెసర్ గరిష్ఠంగా 76, మిగతావన్నీ ఓ 50. అంటే దాదాపు 350. కాగితం మీద 550 చాలు, కానీ ఏళ్లు వాడిన కెపాసిటర్లు ఆ ఎగుళ్లను మోయలేవు. ఈ కార్డుకు తయారీదారు చెప్పేది 650. నేను 750 వేశాను. డబ్బా మీది ‘80 ప్లస్ గోల్డ్’ కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే గుర్తు మాత్రమే, లోపలి రక్షణలకు హామీ కాదు. రివ్యూలు చూసి, వారంటీ ఏళ్లు చూసి కొనండి.

మార్చేటప్పుడు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత మాడ్యులర్ (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగల) కేబుళ్లను కొత్తదానికి వాడొద్దు. తల ఒకేలా కనిపించినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం, ఒక్కో మోడల్‌కే మారొచ్చు కూడా. తప్పు కేబుల్ పెడితే ఎస్‌ఎస్‌డీ, దాంట్లోని డేటా పోవచ్చు. 24 పిన్ను, ప్రాసెసర్ 8 పిన్ను కనెక్టర్లను క్లిక్కుమనేదాకా నొక్కాలి.

ఆరిపోవడం ఆగింది. అప్పుడు కింద దాక్కున్న ఇంకో లోపం బయటపడింది: ఒక గేమ్ అప్పుడప్పుడూ డెస్క్‌టాప్‌కు పడిపోతోంది. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే ఎర్రర్లు వచ్చాయి. ఇక్కడ ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ర్యామ్ వేగం పెంచే బయోస్ సెట్టింగ్ ఎక్స్‌ఎంపీ 3600 మీద ఉంది. ఈ ప్రాసెసర్‌కు అధికారికంగా 3200 వరకే, అందులోనూ నాలుగు స్టిక్కులు, రెండు కిట్లు. బయోస్‌లో 3200కు దించి నాలుగు పాసులూ నడిపాక శుభ్రంగా వచ్చింది. అలా రాకపోతే ఒక కిట్టు తీసేసి, మిగిలిన రెంటినీ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి మళ్లీ పరీక్షించాలి. ర్యామ్ తప్పులు చేసిన రోజుల్లో విండోస్ ఫైళ్లు కూడా చెడి ఉండొచ్చు కాబట్టి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) ఒకసారి నడిపి, అనుమానమున్న గేమ్ ఫైళ్లను లాంచర్‌లోనే వెరిఫై చేయించాను.