సంతకం పెట్టకుండా లేచి వచ్చాను: నా అనుభవం

నిన్న సాయంత్రం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 11.6 ఉంది. గత చలికాలంలో ఇదే పరీక్షలో 7.2 చూపించింది. గర్భసంచి తీసేస్తే తప్ప దారి లేదని హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నాకు తేల్చి చెప్పింది. ఆ గర్భసంచి ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది, నేను రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తున్నాను. ఆ ఆసుపత్రి మీద నాకున్న కోపం చల్లారకముందే జరిగినదంతా రాయాలనుకున్నాను, ఎందుకంటే అదే బెంచీ మీద ఈరోజు కూడా నాలాంటి ఆడవాళ్లు కూర్చుని ఉంటారు.

నా వయసు 46. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఏడాదికి పైగా నెలసరి వారం దాటినా ఆగేది కాదు. మొదటి మూడు రోజులు గంటకొకసారి ప్యాడ్ మార్చుకోవాల్సి వచ్చేది, గడ్డలు గడ్డలుగా పడేది, ఆఫీసులో కుర్చీ నుంచి లేవాలంటే వెనక ఎవరున్నారో చూసుకుని లేచేదాన్ని. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో అందరూ ఆడుతుంటే రెండు చుట్లు తిరిగేసరికి కళ్లు తిరిగి అరుగు మీద కూలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లందరిదీ ఒకటే మాట: "ముట్లు ఆగేముందు అట్లనే పోతది, ఓర్సుకోవాలె." ఈ మాట చాలామంది ఆడవాళ్ల రక్తం తోడేస్తోంది. ముట్లు ఆగిపోయే వయసులో నెలసరి ముందువెనకలు కావడం సహజమే గాని, వారం దాటి ధారగా పోవడం, గడ్డలు పడటం, మెట్లెక్కితే ఆయాసం రావడం సహజం కాదు, వాటికి వైద్యం ఉంది.

స్కానింగ్ సులువుగానే అయిపోయింది. గర్భసంచి కాస్త ఉబ్బి ఉందని, దాని గోడలో మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఒకటి ఉందని రాసిచ్చారు.

ఆ రిపోర్టు పట్టుకుని మావారితో కలిసి ఆ ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు స్కాన్ కాగితం చూశారు, తర్వాత మావారిని చూశారు, నన్ను మాత్రం చూడలేదు. ఎన్నాళ్లుగా ఉంది, ఎన్ని రోజులు పోతోంది, ఇంతకుముందు ఏ మందులు వాడారు అని ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్ష బల్ల మీద పడుకోమనలేదు. "ఇద్దరు పిల్లలున్నరు కదా సార్, ఇంక ఆ సంచితోని మేడంకు ఏం పని? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అయితది. తీసేటప్పుడు అండాశయాలు కూడా తీసేద్దాం, మళ్లీ ఏ బాధా ఉండదు" అని మావారితో అన్నారు. మందులతో తగ్గదా అని నేను అడిగితే, "మందులు మింగి మింగి చివరికి ఇక్కడికే వస్తరమ్మా" అని చెప్పి బెల్లు నొక్కారు. నా శరీరంలోని ఒక అవయవం గురించి జరిగిన సంభాషణలో నాకు దక్కిన వాటా ఆ ఒక్క వాక్యం.

అక్కడి నుంచి మమ్మల్ని అద్దాల గదిలో కూర్చునే కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆమె వైద్యం చదివిన మనిషి కాదు, ఆమె పని ప్యాకేజీ చెప్పడం, తారీఖు ఖాయం చేయడం. గది అద్దెతో కలిపి 65,000 రూపాయలని, నేను ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి బిల్లు ఎలాగూ వాపసు వస్తుందని, ఎల్లుండే మంచి రోజని చెప్పింది. తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఒక అంగీకార పత్రం మావారి ముందుకు జరిపి, "సార్, మీరు ఇక్కడ పెట్టండి, చాలు" అంది. ఏ ఆపరేషన్ చేస్తారో రాయాల్సిన గీతల మీద ఏమీ రాసి లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఖాళీలున్న కాగితం మీద నా పై అధికారి చెప్పినా సంతకం పెట్టలేదు, ఆ విషయంలో మా ఆఫీసులో నాకు పేరుంది. కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతానన్నాను. ఆమె నాతో మాట్లాడటం మానేసి మావారి వైపు తిరిగి, "మేడం భయపడుతున్నరు, మీరు జర నచ్చజెప్పండి" అంది. మావారు నచ్చజెప్పలేదు. "ఆపరేషన్ ఆమెకు, అడగాల్సింది ఆమెనే" అన్నారు. ఆ మాటకు ఆయనను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అసలు అవమానం ఆ తర్వాత జరిగింది. నేను డబ్బు కట్టి తీయించుకున్న స్కాన్ రిపోర్టును, ఫిల్మును వాళ్లు తమ ఫైలులో పెట్టుకున్నారు. తిరిగి ఇమ్మంటే ఫైలు ఆసుపత్రిలోనే ఉంటుందని, ఆపరేషన్ అయ్యాక ఇస్తామని కౌంటరులో చెప్పారు. వరుసలో మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి నిలబడి ఉన్నారు. వాళ్లలో మా వీధిలో ఉండే పెద్దమనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి, "ఏమైందమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే కౌంటరులోని అబ్బాయి గట్టిగా, "గర్భసంచి ఆపరేషన్ సార్, మేడం వద్దంటున్నరు" అని ప్రకటించాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నాకు మొదటిసారి నెలసరి వచ్చిన రోజున మా అమ్మ ఇంట్లో మగవాళ్లకు కూడా వినపడకుండా నాకు అన్నీ చెప్పింది, అలా పెరిగిన నాకు ఆ హాలు మధ్యలో ఎలా ఉంటుందో చదివే ఆడవాళ్లకు వివరించనవసరం లేదు. పక్కనున్న ఒక పెద్దామె మెల్లగా నా చెయ్యి పట్టుకుని, "చేయించుకో బిడ్డా, మేమందరం చేయించుకున్నం" అంది. ఆమె మంచి మనసుతోనే అంది. "అందరం" అన్న ఆ మాట మాత్రం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

నేను ఏడవలేదు. బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, నా స్కాన్ రిపోర్టును, నా ఓపీ వివరాలను నాకు ఇవ్వవలసిందిగా కోరుతూ తేదీ వేసి దరఖాస్తు రాశాను. రెండో ప్రతి మీద అందినట్లు స్టాంపు వేసి ఇవ్వమన్నాను. స్టాంపు అనేసరికి లోపల్నుంచి మేనేజరు వచ్చాడు, రిపోర్టు కూడా వచ్చింది. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన జాతీయ నిబంధనల ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలి. ఎవరినీ బతిమాలవలసిన పని లేదు, దరఖాస్తు రాసి స్టాంపు అడగండి. వాదనకు దిగితే అరుపులే మిగులుతాయి, కాగితానికి మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

సంతకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల మహిళ ఎడతెగని రక్తస్రావంతో ఆసుపత్రికి వెళ్లి, లోపల ఏముందో చూసే పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా తల్లి దగ్గర అంగీకారం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదని, పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు అంగీకారం కాదని, వయసొచ్చి తెలివిలో ఉన్న మనిషి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం కుదరదని తీర్పు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం ఒక్కటే దీనికి మినహాయింపు. భర్త సంతకం సాక్షి సంతకంగా ఉండొచ్చు గాని, భార్య సంతకానికి బదులు కాలేదు.

ఆ పెద్దామె అన్న "అందరం" ఊరికే వచ్చిన మాట కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. మన ఆడవాళ్ల గర్భసంచులకే ఇంత జబ్బెందుకు వస్తుంది? అనవసరంగా గర్భసంచులు తీసేయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ మార్గదర్శకాలు ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో ఉండాలని నేనంటాను.

నర్సంపేట దగ్గర ఉండే మా ఆడబిడ్డకు తెల్లబట్ట అవుతోందని 33 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. తెల్లబట్ట చాలావరకు మాత్రలతో తగ్గే ఇన్ఫెక్షన్. అండాశయాలు తీసేస్తే ముట్లు ఆగిపోయే స్థితి ఒక్కరోజులో వచ్చిపడుతుంది, ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. అలాంటివారికి సహజంగా ముట్లాగే వయసు వరకు హార్మోను మాత్రలు ఇవ్వాలా అన్నది చూడాలి. మా వదినకు ఎవరూ ఒక్క మాత్ర రాయలేదు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేని రాత్రులు, 40 దాటగానే వాకిట్లో జారితే మణికట్టు విరగడం, ఇవన్నీ మా కళ్లముందు జరిగాయి.

తర్వాత నన్ను మా ఆఫీసులోని ఒక చెల్లెలు ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా చేసి రిటైరైన ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె స్కాన్ కాగితం పక్కన పెట్టి, "ముందు నువ్వు చెప్పు బిడ్డా, కాగితం తర్వాత చూస్త" అన్నారు. నేను చెబుతుంటే రాసుకున్నారు. పరీక్ష చేశారు. రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాశారు. 45 దాటిన మనిషికి ఇలా రక్తం పోతుంటే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని చెప్పి, సన్నటి గొట్టంతో బయాప్సీ తీశారు. దానికి మత్తు అవసరం లేదు. గట్టి కడుపునొప్పి వచ్చి కాసేపటికి తగ్గింది. గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష కూడా అప్పుడే అయిపోయింది. రిపోర్టుల్లో క్యాన్సర్ లేదు. ఫైబ్రాయిడ్లు క్యాన్సర్ కావడం చాలా అరుదని, ముట్లు ఆగాక అవి సాధారణంగా కుంచించుకుపోతాయని, నా రక్తస్రావానికి ఆ గడ్డ కంటే గర్భసంచి గోడలోకి పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ కారణం కావచ్చని బొమ్మ గీసి చూపించారు.

తర్వాత వైద్యాలన్నీ వరుసగా చెప్పారు. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి గాని, కాళ్ల నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వాడకూడదు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మాత్రలు ఉన్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్ ఉంది, దానిలోని మందు లోపలి పొరను పలచబరుస్తుంది. గడ్డ గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చి ఉంటే దూర్బీనుతో ఆ గడ్డనే తీయవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రం కోసి తీస్తారు. గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసే పద్ధతి కూడా పెద్ద ఊళ్లలో ఉంది. ఇవేవీ పని చేయకపోతే, లేదా నేనే వీటన్నిటికంటే ఆపరేషన్ మేలనుకుంటే, అప్పుడు గర్భసంచి తీయడం, అదీ బాగున్న అండాశయాలను ఉంచి. ఇన్ని దారులున్నాయని ఆ అద్దాల గదిలో ఒక్కరూ చెప్పలేదు.

నేను హార్మోను లూప్ వేయించుకున్నాను. నా గడ్డ గర్భసంచి లోపలి ఆకారాన్ని చెడగొట్టలేదు కాబట్టి అది నాకు సరిపోయింది. రక్తహీనతకు సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మొదటి నెలల్లో చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉండి చాలా విసుగు పుట్టింది, తీయించేద్దామా అని కూడా అనిపించింది. మూడు నుంచి ఆరు నెలలు ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి ఓపిక పట్టాను. ఇప్పుడు నెలకు ఒకటి రెండు రోజులు మరక కనిపిస్తే కనిపిస్తుంది, లేకపోతే అదీ లేదు.

ఆపరేషన్‌ను నేను తప్పు పట్టడం లేదు. మా పెద్దమ్మకు ముట్లాగిన ఎన్నో ఏళ్లకు మళ్లీ రక్తం కనపడింది. సిగ్గుపడి దాచకుండా చెప్పింది కాబట్టి బయాప్సీలో క్యాన్సర్ తొలి దశలోనే తేలింది, గర్భసంచి తీసేశారు, ఈరోజుకీ పరకాలలో తన పొలం పనులు తనే చూసుకుంటోంది. ముట్లాగాక ఒక్క చుక్క కనపడినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆమెకు చేసింది వైద్యం, ఎందుకంటే కారణం తేల్చి చేశారు.

వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి. డాక్టరు మిమ్మల్ని ముట్టి పరీక్షించకుండానే తారీఖు ఇస్తే, కారణం రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఇంకొక డాక్టరును కలవండి. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరుండి మరీ ఫలానా ఆసుపత్రికే తీసుకెళ్తానంటే అసలు వెళ్లకండి. రిపోర్టులన్నీ తేదీల వరుసలో మీ ఇంట్లోనే ఒక ఫైలులో పెట్టుకోండి.

లూప్ మార్చాల్సిన సంవత్సరం కార్డు మీద రాసి ఇచ్చారు. అప్పటికి నాకు 50 దాటతాయి, ముట్లు వాటంతటవే ఆగిపోయి ఉంటే మళ్లీ వేయించుకోనవసరం లేదన్నారు. వచ్చే సోమవారం మా వదినను నర్సంపేట బస్సులో రమ్మన్నాను. డాక్టరమ్మ ఆమెకు ఎముకల సాంద్రత పరీక్ష రాశారు, ఈసారి ఆమె ఫైలు నేను పెడుతున్నాను.