రేజర్ కంటే ముందు మీ ఇంటి నీళ్లు చూసుకోండి: తడి షేవింగ్ సామాను కొన్న నా అనుభవం

నిన్న పొద్దున గిన్నెలో నురగ నిలబడింది. గిన్నె బోర్లిస్తే కూడా జారలేదు. మూడు వారాల నుంచి ఇదే గిన్నె. బ్రష్షు, సబ్బు మార్చి చూసినా లాభం లేకపోయింది. నిన్నటిదాకా నాకు వచ్చింది విరిగిన పాలలాంటి నీళ్లు. నిన్న మారింది నీళ్లొక్కటే. ఇంటి బోరు నీళ్లకు బదులు తాగే క్యాను నీళ్లు పోశాను, అంతే. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో బోరు మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంకొకరు నాలాగా పైసలు తగలేయకూడదు.

అయిదు బ్లేడ్ల కాట్రిడ్జ్ వదిలేయడానికి కారణం మెడ. ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, వెనక బ్లేడు దాన్ని చర్మం కిందికి కోస్తుంది. నాలాంటి రింగుల గడ్డంలో ఆ వెంట్రుక మళ్లీ మొలిచేటప్పుడు బయటికి రాక చర్మంలోకే తిరిగి గుల్లలవుతుంది. బ్రష్షుతో సబ్బు నురగ చేసి, ఒక్క బ్లేడు రేజర్‌తో ఒకే అంచుతో గీసే పాత పద్ధతి, అంటే తడి షేవింగ్, దానికి మందు.

రేజర్ ఎంచుకోవడం తేలికే. మూడు ముక్కల రేజర్ తీసుకోండి: పైన టోపీ, మధ్యలో ప్లేటు, కింద పిడి. పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునే రకం చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపల చేరిన సబ్బు మడ్డిని కడగడం కష్టం. మన నీళ్లతో అది తొందరగానే బిగుసుకుపోతుంది. బ్లేడు కింద నున్నటి బార్ ఉన్నదే కొనండి, దువ్వెన పళ్లలాంటిది మొదట వద్దు. పళ్ల రకంలో చాలావాటికి కోత దూకుడుగా ఉంటుంది. వారం పెరిగిన గడ్డానికి అది మంచిదే కానీ చేయి కుదిరాక చూసుకోవచ్చు.

లోహం విషయంలో మాత్రం మోసం ఉంది. నేను ఆన్‌లైన్‌లో కొన్న మొదటి రేజర్ మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉంది. అయస్కాంతం అంటుకోదు, అదే సాక్ష్యం అన్నాడు అమ్మినవాడు. ఆ మాటకు విలువ లేదు. రేజర్లకు వాడే 304, 316 రకం స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటుకోదు, నిజమే. కానీ ఇత్తడీ అంటుకోదు, ఎక్కువపాలు జింకే ఉండే చౌక పోత లోహం జమాక్ కూడా అంటుకోదు. రెండు వారాలకు ప్లేటు మూలన పూత బుడగ లేచి లోపల బూడిదరంగు బయటపడింది. తిరిగి పంపే గడువు అప్పటికే అయిపోయింది. జమాక్ రేజర్ పనికిరాదని నేను అనను. ధరకు తగ్గ పని చేస్తుంది, చాలామంది దానితోనే మొదలుపెడతారు. జమాక్ ధర పెట్టి జమాక్ కొనండి, స్టీలు ధర పెట్టి కొనకండి. దాన్ని బలంగా బిగించవద్దు, గచ్చు మీద పడేయవద్దు. టోపీకి ఉండే మరచుట్ల కాడ పుటుక్కున విరుగుతుంది, మళ్లీ అతకదు. ఇత్తడిదైతే ఆ భయం లేదు.

బ్లేడు పెట్టేటప్పుడు టోపీని అరచేతిలో వెల్లకిలా పెట్టి, బ్లేడును దాని మీద కూర్చోబెట్టి, పైన ప్లేటు పెట్టండి. పదును లేని రెండు పొట్టి చివరలనూ వేళ్లతో ఒత్తిపట్టి పిడి బిగించండి. తర్వాత వెలుతురుకు పట్టి రెండు వైపులా బయటికి కనబడే అంచు సమానంగా ఉందా చూడండి. ఒకవైపు ఎక్కువగా వస్తే ఆ వైపే కోస్తుంది. ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టండి.

బ్లేడ్లు ఒకే రకం వంద కొనవద్దు. 7 ఓ క్లాక్, టోపాజ్ లాంటివి కిరాణా కొట్టులోనే దొరుకుతాయి. రెండు మూడు రకాలు ఒక్కో చిన్న ప్యాకెట్ తెచ్చుకుని, ఒక్కోదానితో నాలుగుసార్లు గీసి చూడండి. జపాన్ ఫెదర్ చాలా పదును, మొదటి నెల దాని జోలికి పోవద్దు. వాడిన బ్లేడును తువ్వాలుతో తుడవకండి. అంచు మీది సన్నని పూత పోతుంది. నీళ్లలో జాడించి విదిలిస్తే చాలు.

ఇక నన్ను ఏడిపించిన సంగతికి వస్తాను.

బ్రష్షు, గట్టి సబ్బు బిళ్ల, స్టీలు గిన్నె కొన్నాను. బ్రష్షు పంది వెంట్రుకలది. ముందు అయిదు నిమిషాలు నానబెట్టాలి, పది పదిహేను షేవింగుల తర్వాతే కొనలు చీలి మెత్తబడతాయి. ఆ సంగతి తెలిసే కొన్నాను. సబ్బు మీద అర నిమిషం తిప్పి, గిన్నెలో కలపడం మొదలుపెట్టాను. ముందు పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. చెంపకు రాసేలోపే ఆ బుడగలు పగిలి, చర్మం మీద తెల్లటి పొట్టులాంటిది మిగిలింది. రేజర్ జారకుండా పట్టిపట్టి వచ్చింది. మెడ మీద మూడు గాట్లు.

వీడియోల్లో అందరిదీ ఒకే సలహా: నురగ పొడిగా ఉంటే నీళ్లు చుక్క చుక్కగా కలపండి. కలిపాను. కలిపినకొద్దీ ఇంకా విరిగింది. బ్రష్షు బాగాలేదనుకుని ఇంకోటి కొన్నాను. సబ్బు బాగాలేదనుకుని రెండో బిళ్ల తెప్పించాను. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, ఫోన్ ఎత్తిన అబ్బాయి "సార్, మా సబ్బుకు కంప్లైంట్ లేదు, మీకు కలపడం రావట్లేదు" అన్నాడు. ఇంట్లో అందరి ముందు స్పీకర్‌లో విన్న మాట అది. కలపడం రాకపోతే నేర్చుకుంటాను. కానీ ఏ నీళ్లు వాడుతున్నారని ఒక్క ప్రశ్న అడగాల్సిన బాధ్యత అమ్మినవాడికి ఉంది. సబ్బు పెట్టె మీద ఆ ఒక్క ముక్క అచ్చేస్తే ఎంత మేలు.

ఆ ప్రశ్న అడిగింది మా వీధి చివరి కటింగ్ షాపు కాక. నలభై ఏళ్ల చేయి ఆయనది. బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, సగం ముక్కను ఉస్తరాలో దూర్చుతూ నా మాటలన్నీ విన్నాడు.

"ఏం నీళ్లు బిడ్డా, బోరా నల్లానా?"

"బోరే కాకా."

"మీ ఇంట్ల పప్పు ఉడుకుతదా ఆ నీళ్లల్ల?"

ఉడకదు. అమ్మ ఎప్పటినుంచో పప్పుకూ చాయ్‌కీ క్యాను నీళ్లే వాడుతుంది. ఆయన అద్దం పక్కన ఫిల్టరు నీళ్ల సీసా విడిగా ఉంది. ఆయన షాపులోనూ బోరే. కడగడానికి బోరు నీళ్లు, నురగకు సీసా నీళ్లు.

ఇంటికొచ్చి పరీక్ష పెట్టాను. మీరూ ఏమీ కొనకముందే ఇది చేయండి. రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తీసుకుని ఒకదాన్లో బోరు నీళ్లు, ఇంకోదాన్లో క్యాను నీళ్లు మూడోవంతు నింపండి. ఒంటికి రాసుకునే సబ్బును చాకుతో గీరి, రెండింటిలోనూ సమానంగా వేయండి. షాంపూ, డిటర్జెంటు వద్దు, అవి ఎలాంటి నీళ్లలోనైనా నురుగిస్తాయి కాబట్టి తేడా తెలియదు. పదిసార్లు గట్టిగా ఊపి పక్కన పెట్టండి. మా క్యాను సీసాలో నీళ్లు తేటగా ఉండి పైన రెండంగుళాల నురగ నిలిచింది. బోరు సీసాలో నురగ లేదు, నీళ్లు కుడితిలా తెల్లబారి గోడలకు పొట్టు అంటుకుంది.

ఆ పొట్టే నా చెంప మీద మిగిలింది. బండరాళ్ల నేలలోంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. బడిలో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. సబ్బులోని కొవ్వు ఆమ్లం కాల్షియంతో కలిస్తే నీళ్లలో కరగని మడ్డి అవుతుంది. ఆ కాల్షియం అంతా తీరేదాకా సబ్బు నురగ ఇవ్వదు. అందుకే నీళ్లు చుక్క చుక్కగా కలిపినకొద్దీ నాకు విరిగింది. ప్రతి చుక్కతో ఇంకొంత కాల్షియం పోస్తున్నాను, సబ్బేమో పెంచట్లేదు. వీడియో వాళ్ల సలహా వాళ్ల నీళ్లకు సరైనదే, మన బోరుకు కాదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. ఒక షేవింగుకు నురగ చేయడానికి పట్టే నీళ్లు చిన్న చాయ్ గ్లాసంత కూడా ఉండవు. గ్లాసెడు క్యాను నీళ్లు పక్కన పెట్టుకుని బ్రష్షు తడపడం, నురగ కలపడం దానితోనే చేయండి. రేజర్ జాడించడానికి బోరు నీళ్లు చాలు, ఆఖరున ముఖం మీద ఒక దోసెడు మంచినీళ్లు పోసుకోండి. వాననీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది. కాచి చల్లార్చిన నీళ్లు కొంతవరకే పనికొస్తాయి. కాస్తే బైకార్బనేట్ల కాఠిన్యం మాత్రమే గిన్నె అడుగున తెల్లటి పెచ్చుగా దిగుతుంది, సల్ఫేట్లు, క్లోరైడ్లవి అలాగే ఉంటాయి. గీజరు నీళ్లు వేడిగా ఉంటాయి కానీ మెత్తబడవు. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి వచ్చే నల్లా నీళ్లుంటే వాటినీ ఇదే సీసా పరీక్షకు పెట్టి చూసుకోండి.

మంచినీళ్లు పక్కన పెట్టుకునే ఓపిక లేనివాళ్లు సబ్బు బిళ్ల కొనవద్దు, ట్యూబు క్రీము కొనండి. క్రీముల్లో చాలావాటిలో ఈడీటీఏ (EDTA) అనే పదార్థం కలుపుతారు. అది కాల్షియాన్ని పట్టి ఉంచి సబ్బును కాపాడుతుంది. ట్యూబు వెనక పదార్థాల వరుసలో ఆ పేరు చూసి తీసుకోండి. బాదంగింజంత క్రీము చాలంటారు, బోరు నీళ్లతోనైతే దానికి రెట్టింపు పెట్టండి.

బ్రష్షు కూడా నీళ్లను బట్టే ఉండాలి. పంది వెంట్రుకలకు, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలకు మొదళ్లలో మడ్డి పేరుకుని కుదురు, అంటే పిడిలో దిగే వెంట్రుకల కట్ట, గట్టిపడుతుంది. మెత్తటి సింథటిక్ బ్రష్షుకు నానబెట్టే పని లేదు, మడ్డి తొందరగా వదులుతుంది, రెండు గంటల్లో ఆరిపోతుంది. కుదురు 22 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటే చెయ్యి తిరుగుతుంది. కిరాణా కొట్టులో వేలాడే గరుకు నైలాన్ బ్రష్షు ఇది కాదు, అది పాత్రలు తోమినట్టు ఉంటుంది. బ్రష్షు, స్టాండు, గిన్నె అన్నీ కలిపిన గిఫ్ట్ పెట్టెలు కొనకండి, అందులో పైసలు పెట్టెకే పోతాయి.

నురగ సరిగ్గా కుదిరితే గట్టి పెరుగు మీది మీగడలా మెరుస్తుంది, కంటికి బుడగ కనబడదు. గీసే ముందు, రెండు రోజులు పెరిగిన గడ్డం మీద వేలితో నిమిరి వెంట్రుక వాలు ఎటుందో కనుక్కోండి. నాకు గొంతు కింద వాలు కుడిచెవి వైపు ఉంది. ఇన్నేళ్లూ అక్కడ ఎదురు గీస్తున్నాను. మొదటి పట్టు వాలు వెంట, మళ్లీ నురగ రాసి రెండోది అడ్డంగా, మొదటి నెల అంతటితో ఆపేయండి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉండాలి. రేజర్ బరువే కోయాలి, మీ చేయి ఒత్తకూడదు.

ఆఖరుగా పటిక. దిష్టికి గుమ్మానికి కట్టేదే, పూజా సామాను కొట్టులో దొరుకుతుంది. పదునైన అంచుల్ని నీళ్లలో తడిపి రాతి మీద అరగదీసి నున్నగా చేసుకోండి. చల్లటి నీళ్లతో తడిపిన ముఖం మీద రుద్ది, అర నిమిషం ఆగి కడిగేయండి. ఎక్కడ ఎక్కువగా మండిందో అక్కడ మీరు ఒత్తి గీశారన్నమాట. మర్నాడు అక్కడ చేయి తేలిక చేయండి.

రేజర్ మీద తెల్లటి పెచ్చు కడితే నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో రెండు నిమిషాలు ముంచి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది కడగండి. జమాక్ రేజర్‌ను అందులో నానబెట్టి వదిలేయవద్దు, పూత తింటుంది. వాడేసిన బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకండి. పొద్దున చెత్త ఆటో మీద వచ్చే అమ్మలు చేతులతోనే వేరుచేస్తారు. పాత రేకు డబ్బా మూతకు సన్నని గాటు పెట్టి, బ్లేడ్లన్నీ అందులో వేయండి. నిండాక గాటు మీద టేపు అంటించి, ఇనుప సామాను కొనేవాడికి బ్లేడ్లని చెప్పి ఇవ్వండి.