మస్టాంగ్ ముందు సీటు, ఫార్చ్యూనర్ నడిమి సీటు: మా కొండ ప్రయాణం

బెంగళూరు నుంచి బావ ఫోర్డ్ వాళ్ల స్పోర్ట్స్ కారు మస్టాంగ్ వేసుకొచ్చాడు, చిత్తూరులో చిన్నాన్నకు టయోటా వాళ్ల మూడు వరసల ఎత్తు బండి ఫార్చ్యూనర్ ఉంది, మేం ఏడుగురం. కాణిపాకంలో దర్శనం చేసుకుని అటునుంచి అటే తిరుమలకు పోదామని రెండు బండ్లూ తీశాం. పిల్లలంతా మస్టాంగ్ చుట్టూ చేరారు. అవ్వ మాత్రం ఒకసారి వంగి లోపలికి చూసి, "దీంట్లోకి దూరేదెట్లరా నాయనా" అనేసి పక్కకు జరిగింది.

రెండూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తమాషాగా అనిపించింది. పొడవులో పెద్ద తేడా లేదు, ఫార్చ్యూనర్ 4,795 మిల్లీమీటర్లు, మస్టాంగ్ 4,784. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం కూడా 2,745, 2,720. వెడల్పులో మస్టాంగే కొంచెం ఎక్కువ. మరి లోపల చోటు ఎక్కడికి పోయింది? అంతా ఎత్తులోనే ఉంది. ఫార్చ్యూనర్ 1,835, మస్టాంగ్ 1,381, అంటే సుమారు మూరెడు తేడా. పైకప్పు కిందికి ఉంటే సీటూ కిందికి దిగాలి, సీటు దిగితే కాళ్లు ముందుకు చాపుకోవాలి, ఆ చాపిన కాళ్లకే బండి పొడవు చాలా పోతుంది, దానికి ముందు అంత పొడుగు బానెట్ కింద 5.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను కూర్చుని ఉంది. ఇక వెనక వాళ్లకు ఏం మిగులుతుంది? ఇందులో ఆ కంపెనీని అనాల్సిందేమీ లేదు, రెండు తలుపుల కూపే ఏదైనా ఇంతే.

కాణిపాకం దాకా ఆ వెనక సీట్లో నేనే కూర్చున్నా. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. తల వెనకద్దానికి తగులుతుంటే మెడ ఒక పక్కకు వాల్చుకున్నా, బావ తన సీటు కాస్త వెనక్కి జరిపాడో లేదో నా మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి, పక్కనున్న చిన్న అద్దం దించుదామంటే అది తెరుచుకునే రకం కాదు. చిత్తూరుకు కాణిపాకం దగ్గరే కాబట్టి బతికిపోయాను.

అక్కడి నుంచి తిరుపతికి ఫార్చ్యూనర్ నడిమి వరసలోకి మారాను. కాళ్లు పెట్టుకోను చోటు, సీటు వెనక్కి వాల్చుకునే వీలు, కిటికీలోంచి పొలాలు మామిడి తోటలు అన్నీ కనిపించేంత ఎత్తు. పూతలపట్టు దాటగానే నిద్రపోయానట, పిన్నమ్మ చెప్పింది. అయితే మూడో వరసను మాత్రం మెచ్చుకోలేను. నిచ్చెన లాంటి ఛాసిస్ (అడుగు చట్రం) మీద కట్టిన బండి కాబట్టి నేల ఎత్తుగా ఉంటుంది, సీటు ఆ నేలకు దగ్గరగా ఉంటుంది, తొడలకు ఆనిక దొరకదు. అక్కడ పిల్లలే కూర్చోగలరు, వాళ్లూ ఎంతోసేపు ఊరుకోరు.

అలిపిరి దగ్గర తనిఖీకి అందరూ దిగాలి కదా, సామాన్లు కూడా దించాలి. అసలు పరీక్ష అక్కడే. మస్టాంగ్ వెనకున్న వాళ్లు దిగాలంటే ముందు వాళ్లు దిగి సీటు వంచి దారివ్వాలి, వెనక నుంచి హారన్లు మోగుతుంటే మా చిన్నోడు ముందు కాలు, తర్వాత తల, తర్వాత నడుము బయటికి తీసుకొచ్చాడు. ఫార్చ్యూనర్ సంగతి ఇంకో రకం. అవ్వ దిగేటప్పుడు పట్టుకోవాలి, మళ్లీ ఎక్కేటప్పుడు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని, గోవిందా అనుకుంటూ ఎక్కాలి. "మీ తాత అంబాసిడరే మేలు, కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది" అంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఎక్కడం, దిగడం రెండూ లేని ఎత్తు కావాలి, షోరూముల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ఘాట్ ఎక్కేటప్పుడు పట్టుబట్టి బావ పక్క సీటు తీసుకున్నా. పైకి కనీసం 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు పట్టాలని నిబంధన ఉంది, అంతకంటే ముందే చేరితే ఒప్పుకోరు, కాబట్టి వీ8కు అక్కడ పనేమీ లేదు. కానీ ఆ సీటు ఉంది చూశారూ! రెండు పక్కలా ఒడిసిపట్టుకుంటుంది, బండి బరువంతా నేలకు దగ్గరగా ఉండటంతో మలుపుల్లో ఒరగదు, కొండ పైకి వచ్చాక గానీ మలుపులు ఇన్నున్నాయని తెలియలేదు. ఎత్తు బండికి ఆ ఊగు తప్పదు. వెనక ఫార్చ్యూనర్‌లో, ముందు దారి కనిపించని మూడో వరసలో కూర్చున్న అత్త కూతురికి కడుపులో తిప్పి, నిమ్మకాయ వాసన చూస్తూ వచ్చిందట.

దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో, మలుపులు ఇంకా బిగుతు. అందుకే ఈసారి ఆ పిల్లను బావ పక్కన కూర్చోబెట్టాం, అవ్వను చిన్నాన్న పక్కకు మార్చాం, మూడో వరస సీట్లు రెండు పక్కలకూ మడిచి బ్యాగులు పడేశాం. లడ్డూ సంచులు మస్టాంగ్ వెనక సీట్లో పెట్టాం, పైకప్పు తగులుతుందని అవి గొడవ చేయవు కదా.