రోడ్డు తవ్వకానికి అనుమతి: నా అనుభవం

హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర మా గల్లీలో పాత డ్రైనేజీ పైపు పూడిపోయింది. గట్టి వాన పడితే చాలు, మురుగు బాత్రూంలోకి ఎగదన్నేది. నీళ్లు, మురుగు పైపులు చూసుకునే జలమండలి వాళ్లు వచ్చి చూసి, కొత్త పైపు వేసి మెయిన్ రోడ్డు మీది మ్యాన్‌హోల్‌లో కలపాలన్నారు. అంటే గల్లీలో సీసీ రోడ్డు, బయట తారు రోడ్డు రెండూ తవ్వాలి. పైపు వేయడం ఒక్క రాత్రి పని. అనుమతి కాగితాలకే అసలు తిరుగుడంతా.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. కాలనీ గల్లీలు నగరపాలక సంస్థవి, అప్పుడు మాకు అది జీహెచ్ఎంసీ. కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) చేతిలో ఉంటాయి. ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లేది 163వ నంబరు జాతీయ రహదారి. దాన్ని తవ్వాలన్నా, పక్కనున్న స్థలం నుంచి దాని మీదికి దారి తీయాలన్నా 2002 నాటి కేంద్ర చట్టం కింద జాతీయ రహదారుల అధికారుల అనుమతి కావాలి. మా అదృష్టం కొద్దీ మా రెండు రోడ్లూ జీహెచ్ఎంసీవే అని తేలింది.

దరఖాస్తుతో పాటు స్కెచ్, ఫొటోలు, జలమండలి ఇచ్చిన కాగితం పెట్టాం. జీహెచ్ఎంసీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు టేపు పట్టుకుని స్వయంగా వచ్చారు. "పైపు సైజు కాదు సార్, గుంత వెడల్పు రాయాలి. మేం మళ్లీ రోడ్డు వేయాల్సింది అంత మేరకు కదా" అని పొడవు, వెడల్పు కొలిచి రాసుకున్నారు. ఆ కొలతను బట్టి మేం డబ్బు కట్టాలి, తారుకు ఒక రేటు, సీసీకి ఒక రేటు. ఈ డబ్బు జరిమానా అనుకుని గొణిగేవాళ్లున్నారు గానీ, అది మనం తవ్విన రోడ్డును తిరిగి వేయడానికే. అందరూ నడిచే రోడ్డును మన అవసరానికి తవ్వుతున్నప్పుడు ఆ ఖర్చు మనం కట్టడమే న్యాయం.

వానాకాలంలో అత్యవసరమైతే తప్ప రోడ్డు తవ్వకాలకు అనుమతి దొరకడం కష్టం. అందుకే ఎండలు ముదరకముందే కాగితాలు కదిపాం. మెయిన్ రోడ్డు కాబట్టి ట్రాఫిక్ పోలీసులకూ అర్జీ పెట్టాం. రాత్రి మాత్రమే పని, చుట్టూ బారికేడ్లు, మెరిసే రేడియం స్టిక్కర్లు, తెల్లారేసరికి మట్టి ఎత్తేయాలి అని షరతులు పెట్టారు. కేంద్రం 2023లో తెచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో కూడా తవ్వే చోటు నమోదు చేయించాం. కింద కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు ముందే కబురు అందడానికే ఆ యాప్.

దాని విలువ గుంత తవ్వాకే తెలిసింది. తారు పొర, కంకర తీసేశాక, మోకాలి లోతులోనే నారింజ రంగు ఇంటర్నెట్ గొట్టాలు బయటపడ్డాయి, వాటి పక్కనే నల్లటి కరెంటు కేబులు. అక్కడి నుంచి జేసీబీని ఆపించి గడ్డపారలతోనే తవ్వించాం.

ఏ కాగితం అడగని పని ఇంకొకటుంది, ఇరుగుపొరుగుకు ముందే చెప్పడం. ఆ మూల మీద టిఫిన్ బండి పెట్టే అక్కకు రెండు రోజుల ముందే చెప్పాను. "ముందే చెప్పినవ్ అన్నా, పిండి తక్కువ నానబెడ్త" అంది. చెప్పకపోతే ఆమెకు ఆ పూట పిండంతా నష్టమే. ఎదురింట్లో చక్రాల కుర్చీలో ఉండే పెద్దాయన కోసం గుంత మీద ఇనుప ప్లేటు వేయించాం.

పైపు వేశాక కాంట్రాక్టరు మట్టంతా ఒక్కసారే నెట్టేయబోయాడు. నేను ఒప్పుకోలేదు. పొర పొరకూ నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచాకే తర్వాతి పొర వేయమన్నాను. అలా గట్టిపరచని చోటే గుంతలు కుంగేది, స్కూటర్ల మీద వెళ్లేవాళ్లు పడేది అక్కడే. అందుకే దగ్గరుండి చూశాను, ప్రతి పొరకూ ఫొటో తీశాను.

తొలి వానలకు తారు రోడ్డు వైపు అతుకు కాస్త కుంగింది. అనుమతి కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఆ ఫొటోలు జతచేసి ఫిర్యాదు ఇచ్చాను. జీహెచ్ఎంసీ వాళ్లు మళ్లీ వచ్చి సరిచేశారు.